రెండో పేజీ

ఆ ప్రపంచపటం విప్పగానే క్లాసంతా కలరా ఉండల వాసన కమ్ముకుంటుంది. కుప్పంలో నేను సోషల్ చెప్పే బడిలో ఏడో తరగతి పిల్లలు ముక్కులు మూసుకుని ఒకళ్ళనొకళ్ళు చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీ, నేనేమీ అనను. గుడ్డ మీద అచ్చేసిన ఆ పటం మీద అక్కడక్కడా ఎర్రటి బొట్టుబిళ్ళలు అతికించి ఉంటాయి. సగం రాలిపోయి జిగురు మరకలే మిగిలాయి. పటం మా విమలా మేడమ్‌ది. అది విప్పిన రోజు నాకు ఇంటికెళ్ళాక అన్నం సయించదు.

తొంభైల మధ్యలో పుంగనూరులో నేను ఏడో తరగతి చదివేటప్పుడు ఆమె మాకు సోషల్ టీచరు. యానాం మనిషి. అక్కడ ఇంకా ఫ్రెంచివాళ్ళ పాలన ఉన్నప్పుడు పుట్టి, వాళ్ళ బడిలోనే అక్షరాలు దిద్దుకుందట. పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగం ఎటు లాక్కుపోతే అటు పోయి, చివరికి మా ఇంటి వెనక వీధిలో ఒక గదిలో తేలింది. ఆమె ఫ్రెంచి సంగతి దేవుడెరుగు, తెలుగే మాకు వింతగా ఉండేది. "ఏవండీ" అంటే చాలు, కిసుక్కున నవ్వేవాళ్ళం. ఊరంతా తెలుగే అయినా ఆమెతో కూర్చుని పది నిమిషాలు మాట్లాడిన వాళ్ళు లేరు. పొద్దునా సాయంత్రం ఆమెకు పాలు పోసి రావడం నా పని. ఒక్కోసారి లోపల్నుంచి మాటలు వినబడేవి. చుట్టాలొచ్చారనుకుని తొంగిచూస్తే ఆమె ఒక్కతే చేటలో బియ్యం ఏరుకుంటూ ఫ్రెంచిలో ఎవరికో ఏదో చెబుతూ ఉండేది. నన్ను చూసి సిగ్గుపడి, మాట్లాడకపోతే మర్చిపోతానమ్మా అనేది.

మా పుస్తకంలో ఫ్రాన్సు గురించి ఉన్నది ఒక్క పేరా. అది చదివించి ఆపేస్తుందనుకుంటే, ఆ పటం గోడకు తగిలించి, బొట్టుబిళ్ళల అట్ట ఒకటి తీసి, ఫ్రెంచి మాట్లాడే చోటల్లా తలా ఒకటి అతికించమంది. ప్యారిస్ మీద ఒకటి పెట్టి, అయిపోయిందనుకున్నాం. అప్పుడు మొదలుపెట్టింది: సెనెగల్, మడగాస్కర్, హైతీ, కెనడాలో ఒక మూల, మారిషస్, చివరికి మన పాండిచ్చేరి, తన యానాం. అట్ట ఖాళీ అయిపోయింది. మా క్లాసు రెడ్డెమ్మకు నోరు ఊరుకోదు. "ఫ్రెంచి మాట్లాడేటోళ్ళంతా తెల్లోళ్ళు కారా మేడమ్?" అంది. "నేను తెల్లగా ఉన్నానా?" అంది మేడమ్. క్లాసు గొల్లుమంది. తర్వాత ఆమె నవ్వకుండా చెప్పింది. ఆ భాష వాళ్ళ మీదికి ఓడలెక్కి వచ్చింది, అధికారంతో వచ్చింది, అయినా దాన్ని మాట్లాడే వాళ్ళ కూడు వేరు, పాట వేరు, ఏడుపు వేరు అని.

సెనెగల్ అంటే ఆమెకు ప్రాణం. అక్కడ ఇంటిల్లిపాదీ ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని, కుడిచేత్తో ఎవరి ముందున్నది వాళ్ళే తింటారని చెప్పి, ఒకరోజు మధ్యాహ్నం మమ్మల్ని ఆరుగురేసి కూర్చోబెట్టి, చిత్రాన్నం వెడల్పాటి పళ్ళేల్లో పెట్టి తినమంది. మేమైతే పండగలాగా తిన్నాం. సాయంత్రానికి ఊరు ఒకటే గోల. ఎంగిలి కూడు, పైగా ఎవరి పిల్లల పక్కన ఎవరి పిల్లలు! మర్నాడు నలుగురు పెద్దమనుషులు హెడ్మాస్టరు గదికి వచ్చి వెళ్ళారు. ఆ వారం నుంచి స్టాఫ్ రూములో మేడమ్ క్యారియరు పక్కన ఇంకో క్యారియరు ఉండేది కాదు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఒక్కతే తినేది. మేం చూసేవాళ్ళం, కానీ వెళ్ళి పక్కన కూర్చోవాలని మాలో ఒక్కదానికీ తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సెనెగల్ మీద అంత ప్రేమ ఎందుకంటే, డాకర్ నగరంలో ఆమె నేస్తం జోసెఫిన్ ఉండేది. యానాం బడిలో ఇద్దరూ ఒకే బెంచీ. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయినప్పుడు జోసెఫిన్ వాళ్ళ నాన్న కొలువు వెతుక్కుంటూ ఓడెక్కితే, ఆ పిల్ల డాకర్‌లో తేలి, అక్కడే టీచరయింది. నలభై ఏళ్ళుగా ఇద్దరికీ ఉత్తరాలే. తనతో ఫ్రెంచి మాట్లాడే మనిషి భూమ్మీద ఇక జోసెఫిన్ ఒక్కతేనని మేడమ్ అనేది. మా క్లాసు చేత జోసెఫిన్ బడి పిల్లలకు ఉత్తరం రాయించి, దాన్ని ఫ్రెంచిలోకి మార్చి పంపింది. శుభమా అని రాస్తున్నాం కదా అని మేం నాలుగు మూలలా పసుపు రాశాం. నెలన్నరకు జవాబొచ్చింది. ఆ మరకలు ఏ కూరవి అని అడిగారు! మేడమ్ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ ఏడాదే, పరీక్షల ముందు, డాకర్ నుంచి నల్ల అంచు కవరు ఒకటి వచ్చింది. బడిలో విప్పకుండా ఇంటికి తీసుకెళ్ళింది. సాయంత్రం నేను పాలు తీసుకెళ్ళేసరికి, గడప మీద కూర్చుని ఉంది. కాయితాలు ఒళ్ళో ఉన్నాయి. "జోసెఫిన్ పోయిందమ్మా," అంది. జోసెఫిన్ కూతురు రాసిందట. మొదటి పేజీ చదివింది, రెండోది చదవడానికి చేతకావడంలేదంది. నేను పన్నెండేళ్ళ ఆరిందాను. సావు కబురు వింటే ఏం చెయ్యాలో మా అవ్వ దగ్గర అంతా నేర్చుకున్నదాన్ని. "తలకు నీళ్ళు పోసుకోవల్ల మేడమ్, అట్లే కూర్చోకూడదు," అన్నాను. పెరట్లో పొయ్యి రాజేసి నీళ్ళు కాచాను. ఆమె చిన్నపిల్లలా లేచి, కాయితాలు కుర్చీలో పెట్టి, స్నానానికి వెళ్ళింది. సావు కబురు మోసుకొచ్చిన ఉత్తరం ఇంట్లో ఉండకూడదు, చదివిన వెంటనే చింపెయ్యాలి. మా ఇంట్లో అంతే. అందుకని నేనా రెండు కాయితాలూ తీసి, కవరుతో సహా నాలుగుగా చింపి, నిప్పుల్లో తోసేశాను. మేడమ్‌కు మంచి చేస్తున్నానన్న నమ్మకంతోనే చేశాను.

తడి జుట్టుతో వచ్చి కుర్చీ చూసింది. "ఉత్తరమేదమ్మా?" అంది. చెప్పాను. ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళి, వంగి, చాలాసేపు చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తర్వాత మెల్లగా చెప్పింది. పాత ఇల్లు ఖాళీ చేస్తున్నారట, కూతురి కొత్త అడ్రసు రెండో పేజీలో ఉందట. అమ్మ చివరి రోజుల్లో మీకోసం ఒక కాయితం అడుగున ఏదో రాసింది, ఆ కాయితం మీదే పైన నేను రాసి రెండో పేజీగా పంపుతున్నానని కూతురు మొదటి పేజీలోనే రాసిందట. నేను ఏడుస్తుంటే, ఆ తడి చేత్తోనే నా తల నిమిరింది.

సోమవారం క్లాసులో నా పేరెత్తకుండా పాఠం చెప్పింది. సెనెగల్‌లో కొందరు సావు కబురు తెచ్చిన ఉత్తరాన్ని పెట్టెలో దాచుకుంటారు, పోయినవాళ్ళు దగ్గరున్నట్టుంటుందని. మనం ఇంట్లో ఉంచం, ఉన్నవాళ్ళకు కీడు రాకూడదని. ఇద్దరిదీ ప్రేమే, ఎవరూ మూర్ఖులు కారు, రాసుకోండి అంది. అందరూ రాసుకున్నారు. నా నోట్సులో ఆ పేజీ ఖాళీ. పాత అడ్రసుకు ఆమె మూడుసార్లు రాసింది. మూడూ తిరిగొచ్చాయి. ఆ తర్వాత పాలు పోయడానికి వెళ్ళినప్పుడు లోపల్నుంచి ఫ్రెంచి వినబడలేదు.

రిటైరయ్యాక ఆమె మదనపల్లెలో ఒక మిద్దె మీది గదికి మారింది. నేను డిగ్రీ చదవడానికి అక్కడికే వెళ్ళినా, ముఖం చెల్లక రెండేళ్ళు ఆ వీధిలోకే పోలేదు. చివరి సంవత్సరం వెళ్ళాను. చిక్కిపోయింది. కాఫీ ఇచ్చి, నా చదువు సంగతులన్నీ అడిగి, ఉన్నట్టుండి "చింపేటప్పుడు రెండో పేజీ చూశావా?" అంది. అన్నేళ్ళుగా కడుపులో దాచుకున్నది బయటపెట్టాను. చూశాను. పైనంతా సన్నటి రాత, అడుగున వేరే రాత, పెద్దపెద్ద వంకర అక్షరాలు.

"ఎన్ని లైన్లు?"

"మూడు, మేడమ్."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "మూడు లైన్లు రాసిందన్నమాట," అంది. "చెయ్యి ఆడకపోయినా రాసింది." వచ్చేటప్పుడు ఆ పటం నా చేతిలో పెట్టి, టీచరయితే పనికొస్తుందిలే అంది. క్షమించమని అడగాలనుకుంటూనే మెట్లు దిగేశాను.

కుప్పంలో ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఆమె ఇంటి ఓనరు రాసిన కార్డు వచ్చింది. విమలమ్మగారు పోయారు, కార్యాలు అయిపోయాయి, అంతే. మా అమ్మ అప్పుడు నా దగ్గరే ఉంది. "సావు కబురు ఇంట్లో యాల పెట్టుకుంటావే, సించి పారెయ్," అంది. చింపలేదు. పటంలో పెట్టి చుట్టాను, పక్కన కొత్త కలరా ఉండలు వేశాను. పిల్లలకు సెనెగల్ చెప్పడానికి పటం విప్పినప్పుడల్లా అది కింద పడుతుంది. తీసి చదువుతాను. వెనకవైపు నా అడ్రసు తప్ప ఏమీ లేదని తెలుసు. అయినా ప్రతిసారీ తిప్పి చూస్తాను.