కార్డుల కట్టకు పసుపు

ధర్మారావుకి ఏడుపు రాలేదు. అన్న జగన్నాధం పోయిన రోజున రాలేదు, పదో రోజున రాలేదు, చుట్టాలందరూ వెళ్ళిపోయి ఇల్లు బోసిపోయినప్పుడూ రాలేదు. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు. ఊళ్ళోవాళ్ళు "కుర్రోడిది గుండె గట్టిదే" అన్నారు. ఊళ్ళోవాళ్ళకేం, ఏదో ఒకటి అంటారు. గట్టిదో మెత్తనిదో తర్వాత సంగతి, అసలు లోపల గుండె అనేది ఉందో లేదో అతనికే తెలియడం లేదు. చాలాసేపు మడిచి కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి మనది కానట్టు ఉంటుందే, మనిషి మొత్తం అలా అయిపోయాడు.

జగన్నాధం నౌపడ స్టేషన్లో గూడ్సు గుమాస్తా. ఉప్పుమడుల నుంచి వచ్చిన బస్తాలను వేగన్లకెక్కించి పంపడం ఆయన ఉద్యోగం. హైస్కూల్లో లెక్కల మేష్టరుగా కుదురుకున్న తమ్ముణ్ణి వాల్తేరు తరిమి ఎం.టెక్.లో చేర్పించింది ఆయనే. "ఎక్కాలు ఎవడైనా సెప్తాడు. నువ్వెళ్ళి ఆ కంప్యూటరేటో సూడరా" అన్నాడు. తమ్ముడి చదువు రెండో ఏట పడేసరికి, పంతొమ్మిదివందల అరవై ఎనిమిది వానల్లో, వారం రోజుల జ్వరంతో పోయాడు.

సెలవు ముగించుకుని వాల్తేరు వెళ్ళిన ధర్మారావుని గైడు నరసింగరావుగారు ఒకటే అడిగారు.

"థీసిస్ దేనిమీద చేద్దామనుకుంటున్నావయ్యా?"

ధర్మారావు ఏమీ అనుకోలేదు. కానీ పెద్దాయన అడిగినప్పుడు ఏదో ఒకటి చెప్పాలి కదా. నోటికి వచ్చింది చెప్పేశాడు.

"ఖాళీ వేగన్లండీ."

అది జగన్నాధం రోజూ కంచం ముందు కూర్చుని పెట్టే గోల. ఒక పక్క ఉప్పు వానకి కరిగిపోతుంటే ఇంకో పక్క ఖాళీ వేగన్లు స్టేషన్లోంచి గడగడా పోయేవట. ఇక్కడివి అక్కడికి, అక్కడివి ఇక్కడికి ఉత్తినే తిప్పేవారట. ఏ స్టేషన్లో ఉన్న ఖాళీలు ఎక్కడికి పంపితే దండగ తిరుగుడు తగ్గుతుందో లెక్కకట్టి చెప్పే నాథుడు లేడని ఆయన బాధ. ధర్మారావు ఆ మాటలే వరసగా అప్పజెప్పాడు. నరసింగరావుగారు కుర్చీలో ముందుకు వంగారు. "ఇది అచ్చంగా కంప్యూటరు చేయాల్సిన పనయ్యా!" అని మురిసిపోయారు. ధర్మారావు మురవలేదు. సరేనండీ అన్నాడు.

కానీ ఆయన ఒక మెలిక పెట్టారు. థీసిస్‌కి ఉత్త ప్రణాళిక రాసిస్తే ఒప్పుకోరట. నాలుగు స్టేషన్లు తీసుకుని చిన్న లెక్క కట్టి, మెషీన్ చేత జవాబు చెప్పించి, అది కూడా జతచేయాలట. లేదంటే వేగన్లు వదిలేసి ఆయన ఇచ్చిన వేరే విషయం చేయాలి. అంటే జగన్నాధం గోల ఆయనతోనే పోతుంది. పోతే పోనీ అని ధర్మారావు తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకున్నాడే గానీ, ఆ మర్నాటి నుంచే పనిలో దిగాడు.

ఆ రోజుల్లో కంప్యూటరంటే బీరువాలంత మెషీన్. వాళ్ళ దగ్గర లేదు. కలకత్తాలో ఒక సంస్థవాళ్ళు దయతలచి అరగంట ఇస్తామన్నారు. మెషీన్‌కి చెప్పదలచుకున్నదంతా అట్టకార్డుల మీద చిల్లులు పొడిచి పట్టుకెళ్ళాలి. కార్డుకి ఒక వాక్యం. ధర్మారావు చేతిమిషన్ మీద చిల్లులు పొడుచుకుని, కట్టని రేకుపెట్టెలో పెట్టుకుని రైలెక్కాడు. దారిలో నౌపడలో దిగి ఒక రాత్రి ఇంట్లో పడుకున్నాడు.

పొద్దున్న బయల్దేరేటప్పుడు తల్లి జగ్గమ్మ పెట్టె మూతకి కుంకం బొట్టు పెట్టింది. వదిన అసిరమ్మ కనబడలేదు. మొగుడు పోయిన మనిషి ప్రయాణానికి ఎదురు రాకూడదని జగ్గమ్మే ఆవిణ్ణి పెరట్లోకి పంపేసింది. ధర్మారావుకి ఆ సంగతి తెలుసు. తెలిసీ పెరటివైపు వెళ్ళలేదు, వెళ్ళొస్తానని ఒక కేక కూడా వేయలేదు. చెప్పులేసుకుని స్టేషనుకి నడిచాడు.

కలకత్తాలో మెషీన్ నడిపే బెంగాలీ ఆయన కట్టని అందుకుని, కార్డులు మింగే మెషీన్లో పెట్టి మీట నొక్కాడు. అది రెండేసి మూడేసి కార్డులు ఒక్కసారే గుంజుకుని, కరకరలాడి, ఆగిపోయింది. ఆయన కంగారుపడి నలిగిన కార్డులు బయటికి లాగాడు. మిగతా కట్టని వెలుతురు దగ్గర పెట్టి చూశాడు. అంచులు ఉబ్బి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి.

"ఈ పచ్చటిదేమిటి?" అన్నాడు ఇంగ్లీషులో.

ధర్మారావు చూశాడు. నాలుగు మూలలా, పైనుంచి కింది దాకా, తడిబొటనవేలితో గీసినట్టు పసుపు.

"పసుపండీ" అన్నాడు.

"కూరలో వేసేదా?"

"అదేనండీ."

ఆయన ధర్మారావుని ఎగాదిగా చూసి, తర్వాతివాళ్ళు వచ్చేశారని చెప్పి, కట్ట చేతిలో పెట్టాడు. అరగంట అయిపోయింది.

వరండాలో బల్లమీద కూర్చున్నాడు. ఇది రాసింది అమ్మ కాదు. అమ్మ పెట్టేది మూతకి బొట్టే. కట్ట అంచుల వెంట వేలు దించేది లోకంలో ఒక్కర్తే. తను ఆరో క్లాసులో ఉండగా కాపురానికొచ్చిన వదిన. ఏటేటా కొత్త పుస్తకాలు తెస్తే అట్టకి రాసి ఊరుకునేది కాదు, అంచులకీ రాసేది. "అట్టకి రాస్తే అట్టకే ఉంటాది ధర్మూ. ఇలగ రాస్తే లోపల కాయితాలన్నిటికీ అందుతాది" అనేది. పేజీలు అంటుకుంటే మేష్టరు తిట్టేవాడు, తను ఇంటికొచ్చి ఆవిడ మీద ఎగిరేవాడు.

ఇప్పుడు ఆవిడ పసుపు ముట్టకూడదు. శుభానికి చెయ్యి పెట్టకూడదు. అయినా తెల్లారకముందే లేచి, ఎవరూ చూడకుండా పెట్టె తెరిచి, ఒక్క కార్డయినా తప్పిపోకుండా అన్నిటికీ అందేలా రాసి, మూత పెట్టేసి, మళ్ళీ పెరట్లోకి వెళ్ళి నిలబడింది. అంత చేసిన మనిషికి తను వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు.

ధర్మారావుకి ఏడుపొచ్చింది. ఎవరో ఫైళ్ళు పట్టుకుని అటూ ఇటూ పోతుంటే, ముక్కూమొహం తెలియని ఊళ్ళో, పసుపు కట్ట ఒళ్ళో పెట్టుకుని, అన్న కోసం వెక్కివెక్కి ఏడ్చాడు. తిమ్మిరి వదిలేటప్పుడే కదా కాలు పోట్లు పొడిచేది.

తిరిగొస్తే నరసింగరావుగారు మండిపడ్డారు. కార్డులు తడిశాయని మాత్రం చెప్పాడు, ఎలా తడిశాయో చెప్పలేదు. ఆయన కలకత్తాకి మళ్ళీ రాసి, ఇంకొక్కసారి ఇప్పించారు. ఇదే ఆఖరన్నారు. ధర్మారావు కట్టంతా మొదటినుంచీ పొడిచాడు. మళ్ళీ నౌపడలో దిగాడు, తర్వాతి బండికి ఎక్కేలా.

ఈసారి తిన్నగా పెరట్లోకి వెళ్ళాడు. అసిరమ్మ గిన్నెలు తోముతోంది.

"నువ్వు రాసిన పసుపుకి కలకత్తాలో మెషీనాగిపోనాది వదినా."

ఆవిడ చేతిలో గిన్నె జారిపోయింది.

"నాను ముట్టకుండా ఉండాల్సింది. నా సెయ్యి మంచిది కాదు ధర్మూ. అత్త ఊరికే అన్లేదు."

"సెయ్యి కాదు వదినా, తడి. తడి కార్డు ఆ మెషీన్‌కి పడదు. ఎవులు రాసినా అంతే. ఆఖరికి అమ్మ రాసినా అంతే."

ఆవిడ నమ్మలేదు. మొహం చూస్తేనే తెలుస్తోంది. ధర్మారావు లోపలికి వచ్చి, నట్టింట్లో పెట్టె తెరిచి, కట్ట మీద చిల్లుల్లేని ఉత్త కార్డు ఒకటి పెట్టి, పీటమీద కూర్చున్నాడు.

"వదినా, పసుపు తే."

జగ్గమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. "ఒరే, బండికెళ్ళేటప్పుడు ఏటా పని? దాన్ని పిలుత్తావేటి?"

"అన్న సెప్పిన లెక్కమ్మా ఇది. వదిన రాయందే నాను లేవను."

అన్న అనే మాట ఆ ఇంట్లో అంత గట్టిగా వినబడి చాలాకాలమైంది. జగ్గమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడకి చేరబడింది. అసిరమ్మ పసుపుగిన్నెతో వచ్చి అత్తవైపు చూసింది. అత్త వద్దనలేదు. అసిరమ్మ పై కార్డుకి నాలుగు మూలలా రాసింది. బొటనవేలు అలవాటుగా అంచు మీదికి జారబోతే చప్పున వెనక్కి లాక్కుంది.

ఆ లెక్కకి కలకత్తా మెషీన్ జవాబిచ్చింది, థీసిస్ మొదలైంది. పై కార్డు మాత్రం మెషీన్లోకి వెళ్ళలేదు, ధర్మారావు జేబులోనే ఉండిపోయింది. కానీ అదంతా తర్వాతి మాట. అప్పటికింకా నట్టింట్లోనే ఉన్నారు, దూరంగా రైలుకూత వినబడుతోంది, ధర్మారావు మూత వేయబోయాడు. అసిరమ్మ చెయ్యి అడ్డంపెట్టి, వంగి, ఆ కార్డు మీద ఉఫ్ ఉఫ్ అని ఊదింది.

"ఉండు ధర్మూ. ఆరనీ."