నాన్న చేసిన మడత డేరా

మా చిన్నప్పుడు నూర్పుల రోజుల్లో ఆకాశంలో చిన్న మబ్బు తునక కనిపిస్తే చాలు, ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడేది... ఆరుగాలం కష్టమంతా కళ్లంలో ఆరుబయట ఉండేది మరి.

మా నాన్న చదివింది ఐదో తరగతే గానీ బుర్ర పాదరసం. టార్పాలిన్ బరకం తెచ్చి కప్పేలోపే వాన ధాన్యాన్ని ముంచేస్తోందని, ఓ ఏడాది సొంతంగా మడత డేరా తయారుచేశాడు. నాలుగు వెదురు కాళ్లు... ఒక్కోదాన్ని సగానికి కోసి, తలుపులకి వేసే బందులు బిగించి, మోకాలులా వంగేట్టు పెట్టాడు. కాలు నిటారుగా నిలబడ్డానికి ఆ కీలు మీద ఇనుప గొట్టం తొడిగాడు. నాలుగు గొట్టాలకీ కలిపి ఒకటే తాడు. పైన అడ్డకర్రలు, వాటి మీద బరకం. మడిస్తే సైకిల్ మీద వేసుకుపోవచ్చు.

విప్పితే కింద ధాన్యం రాశి, పక్కన మనుషులకి కాస్త నీడ. మబ్బు పట్టిందా... తాడు ఒక్క లాగు లాగితే గొట్టాలు జారి, నాలుగు కాళ్లూ మడతపడి, ఎద్దు కూర్చున్నట్టు డేరా రాశి మీద కూర్చునేది. ఊళ్లోవాళ్లు వచ్చి చూసి పోయారు. ఆ తాడు లాగే పని నాదే. తొమ్మిదేళ్ల దాన్ని, ఎంత మిడిసిపడ్డానో!

ఆ రోజు మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. కళ్లం దగ్గర ఒక్క చెట్టు లేదు. అమ్మ పాత చీరతో డేరా పైకర్రకి ఉయ్యాల కట్టి, ఎనిమిది నెలల తమ్ముణ్ణి పడుకోబెట్టింది. చెట్టు లేకపోతే మా వైపు ఆడవాళ్లు ఏ కర్ర దొరికితే దానికి ఉయ్యాల కట్టేస్తారు. నన్ను కాపలా ఉంచి పనలు మోయడానికి వెళ్లింది. నాన్న అవతలి మడిలో బండి దగ్గరున్నాడు. ఉయ్యాల సంగతి ఆయనకి తెలీదు.

ఇంతలో సముద్రం వైపు, భావనపాడు దిక్కునుంచి నల్లగా కమ్ముకొచ్చింది... చూస్తుండగానే గాలి. నాన్న దూరం నుంచే కేక వేశాడు.

"తాడు లాగే!"

"నాన్నా..." అన్నాను. ఆ గాలికి నా మాట నాకే వినపడలేదు.

"ఏటే అలా సూస్తన్నావు? గింజ తడిసిపోతాది, లాగు!"

మా ఇంట్లో నాన్న చేత ఒక మాట రెండుసార్లు చెప్పించుకుంటే వీపు చిట్లిపోయేది. తాడు లాగేశాను.

డేరా కూర్చుంది. లోపల్నుంచి ఏడుపు లేదు. బరకం అంచు పట్టుకుని ఎత్తబోయాను, కదల్లేదు. అప్పటికే వాన మొదలైంది. అమ్మ పరిగెత్తుకొచ్చి "తమ్ముడేడే?" అంది. వేలు పెట్టి చూపించాను. అమ్మ పెట్టిన కేక ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నాన్న వచ్చి కొడవలితో బరకం చీల్చేశాడు. ఆ కొడవలి వాడికెక్కడ తగులుతుందోనని కళ్లు మూసుకున్నాను. తమ్ముడు ధాన్యంలో బోర్లా పడి ఉన్నాడు... ముక్కులో, నోట్లో గింజలు. అమ్మ వేలితో తీసింది, వీపు మీద చరిచింది. ఎంతసేపో తెలీదు... వాడు దగ్గి, గుక్కపట్టి ఏడ్చాడు.

రాశి మొత్తం తడిసిపోయింది. ఎవరూ అటు చూడలేదు. అమ్మ నా మీదకి చెయ్యెత్తితే, వానలో చతికిలబడ్డ నాన్నే ఆపాడు.

"దాన్నేటీ అనకు. సిన్నపిల్ల, మరిసిపోనాది. లాగమన్నోన్ని నాను."

ఆ సాయంత్రమే బందులు ఊడదీసి పారేశాడు. మళ్లీ డేరా ఊసెత్తలేదు.

తమ్ముడికిప్పుడు ఇద్దరు పిల్లలు. ఈ కథ చెప్పి నవ్విస్తుంటాడు, "అక్క నన్ను మర్చిపోయింది" అని. నాన్న కూడా పోయేదాకా అదే నమ్మాడు.

నేను మర్చిపోలేదు. వాడు లోపలున్నాడని తెలిసే లాగాను... ఆ నిమిషంలో నాకు తమ్ముడికి ఏమవుతుందోనన్న భయం కన్నా, నాన్నంటే భయం ఎక్కువైంది.

ఇప్పటి పిల్లలు నాన్నతో "ఆగు" అని మొహం మీదే అనేస్తున్నారు. పెంకితనం అంటారు పెద్దలు. నేను మాత్రం అననివ్వండి అంటాను... భయంతో నోరు మూసుకుని మీరూ ఏదైనా చేసి ఉంటే, ఇక్కడ చెప్పుకోండి. నేనెవర్నీ ఏమీ అనలేను.