తూటా తప్పేమీ లేదన్న దానియేలు గారు

యాంగోన్‌లో, లత అనే పేటలోని మా ఇనుప సామాను కొట్లో ఒక మేస్త్రీతో మేకుల బస్తా బేరం నడుస్తుండగా దానియేలు గారి మనవరాలు ఫోన్ చేసింది. "సిమాచలం బాబాయ్, తాత ఎల్లిపోనాడు. పొద్దున్న టీ అడిగినాడు. తెచ్చీలోపే..." అని ఆగిపోయింది. నేను ఫోన్ పెట్టేసి, మేస్త్రీ అడిగిన ధరకే బస్తా ఇచ్చేశాను. నలభై ఏళ్ళ వర్తక జీవితంలో ఎదుటివాడి మొదటి మాటకే తలూపడం నాకదే ప్రథమం. ఆ మేస్త్రీ హడలిపోయి, సరుకులో ఏదో లోపముందని బస్తా విప్పి మేకులన్నీ తిరగేసుకున్నాడు. ఆ ఉదయం నా మనస్థితికి అతనొక్కడే సాక్షి.

ఎనభై ఎనిమిదేళ్ళ నిండు జీవితం దానియేలు గారిది. వారి తాతగారు సిక్కోలు తీరం నుంచి ఓడెక్కి వచ్చి సేక్కాన్ రేవులో మూటలు మోశారు. దానియేలు గారు యౌవనమంతా ఎగువ బర్మా అడవుల్లో, కలప శిబిరంలో తుపాకుల గదికి కాపరిగా గడిపారు. అడవి విడిచి యాంగోన్ చేరాక తాళాలు బాగుచేస్తూ, సంచౌంగ్ పేటలో చిన్న ఇంట ఉంటూ, చర్చి తాళంచెవులు నడుముకి కట్టుకుని తిరిగేవారు. మితభాషి. ఒక్క విషయంలో తప్ప. ఆ విషయం ఒక తూటా.

ఫోర్ సెవెంటీ అంటారు దాన్ని. బొటనవేలంత లావు, మధ్యవేలి కంటే పొడుగు, ముక్కున దాదాపు మూడు తులాల గుండు. జంట గొట్టాల పెద్ద రైఫిల్లో వేసేది. ఏనుగు, అడవిదున్న వంటి ప్రాణాంతక మృగాలు మీదికి వచ్చినప్పుడు పనికొచ్చేది. దానియేలు గారి తుపాకీ అడవి విడిచిన నాడే సర్కారు బీరువాలోకి పోయింది. అభిప్రాయాలను మాత్రం ఎవరూ జప్తు చేయలేకపోయారు. "ఏగం ఎందుకురా? జింకయితే పారిపోతాది, ఏగం కావాల. ఏనుగు మన మీదికే వస్తాది. దానికి బరువు కావాల" అనేవారు. కొత్తగా వచ్చిన పొట్టి తూటాలంటే ఆయనకు సరిపడేది కాదు. ఇరుకు ఇత్తడి గొట్టంలో మందు కుక్కితే మన ఎండలకు అది మరింత ఉద్రేకిస్తుందనీ, పేలాక ఖాళీ గొట్టం తుపాకీని పట్టుకుని వదలదనీ ఆయన వాదన. "మా ఫోర్ సెవెంటీకి పొట్ట పెద్దది, కోపం తక్కువ. ఎండలో ఉడికినా నిమ్మలంగా ఉంటాది. ఎనకాల అంచుంటాది, గోరెట్టి లాగినా వచ్చేస్తాది" అని, మంచి ఇంటి సంబంధం గురించి చెప్పినంత మురిపెంగా చెప్పేవారు.

ఒకనాడు మా వీధి చివరి టీ కొట్లో ఓ కుర్రాడు ఫోన్ చూపించి వాదానికి దిగాడు. ఇంతకంటే పెద్ద తూటాలొచ్చాయనీ, ఈయన తూటా ముసలిదైపోయిందనీ వాడి మాట. దానియేలు గారు కళ్ళజోడు సర్దుకుని, తెరమీది ఏనుగును శ్రద్ధగా పరికించారు.

"ఎంతెత్తుందిరా నీ ఏనుగు?"

"ఇంతే ఉంది తాతా, అంగుళం."

"అయితే దానికి చీపురుపుల్ల సాలు. నువ్వు టీ తాగు."

కొట్టంతా నవ్వింది. కుర్రాడు కూడా నవ్వాడు.

ఆ తూటాకూ ఆయనకూ కలిపి మా తెలుగువాళ్ళలో ఒక కథ ప్రసిద్ధం. కలప లాగే ఏనుగొకటి మదమెక్కి ఇద్దరు కూలీలను చంపి శిబిరాన్ని గడగడలాడించిందట. దాన్ని కాల్చడానికి వెళ్ళిన ఆఫీసరు బురదలో జారిపడితే, పాతికేళ్ళైనా నిండని దానియేలు ఆ రైఫిల్ అందుకుని, పది అడుగుల దూరాన, ఒక్క తూటాకే దాన్ని పడగొట్టాడట. ఈ కథను నాకంటే బాగా చెప్పేవాడు యాంగోన్‌లో లేడు. గొప్పకు అనడం లేదు, దీంతో నేను గొలుసులమ్మాను. "ఏనుగును ఆపిన మనిషి మెచ్చిన గొలుసమ్మా ఇది" అని ఒకామెకు చెబుతుండగా ఆయనే కొట్లోకి వచ్చారు. గొలుసు చేతిలోకి తీసుకుని, ఒక్కో కొక్కేన్నీ వేలితో తడిమి, "ఇది కుక్కకి సాలు తల్లీ" అని ఆమె చేతిలో పెట్టారు. ఆమె కుక్క కోసమే కొనుక్కుపోయింది. బేరం పోలేదు గానీ నా పరువు పోయింది.

ఆయన నోట తరచు వినిపించే మాట ఇంకొకటుంది: "పెట్టి సూసినావేటి?" వేటకు ముందురోజే ప్రతి తూటానూ తుపాకీలో పెట్టి, మూసి, తీసి చూడాలన్నది తుపాకుల గది నియమం. ఇత్తడి కాస్త ఉబ్బినా, సొట్టబోయినా ఆనాడే తెలిసిపోతుంది. ఆ నియమాన్ని ఆయన లోకమంతటికీ వర్తింపజేశారు. నా కొట్లో తాళం అమ్మితే చెవి పెట్టి తిప్పి చూపించేదాకా కొనేవాణ్ణి కదలనిచ్చేవారు కారు. ఆ పట్టుదల వార్ధక్యపు చాదస్తమని నేను వెనకాల ఎన్నోసార్లు నవ్వాను. దాని మూలం మూడు నెలల క్రితం తెలిసింది.

ఒక మధ్యాహ్నం ఆయన్ని చూడడానికి వెళ్ళాను. మంచం మీదనుంచి లేవలేని స్థితి. కూర్చోమన్నారు.

"సిమాచలం, ఆ కతలో ఒక మనిషిని ఒదిలేసినాం. కో తెయిన్. ఆ ఏనుగు ఊజీ."

ఊజీ అంటే మావటివాడు. ఆ పేరు నేనంతకు ముందు వినలేదు.

"సోమారం ఏట. ఆదివారం తూటాలు పెట్టి సూడాల. మావోళ్ళం ఆదివారం పని ముట్టుకోం గదా? నాను ముట్టుకోనేదు. పాటలు పాడుకున్నాను. తెల్లారి ఏనుగు మీదికొచ్చింది. ఆఫీసరు పడిపోనాడు. తుపాకీ నా సేతికొచ్చింది, ఇంకా తూటాలు పెట్టనేదు. రెండు తూటాలు పెట్టినాను. ఒకటెల్లింది. రెండోది సగంలో ఉండిపోయింది. తుపాకీ మూసుకోనేదు."

"లాగెయ్యలేకపోయావా మావా?"

"అంచుంది గదా, గోరెట్టి లాగొచ్చు. ఇన్నేళ్ళూ అందరికీ సెప్పింది అదే. ఆ పొద్దు లాగనేదు, తోసినాను. సేతులు ఒణికిపోనాయి. అప్పుడు కో తెయిన్ మద్దిలోకొచ్చినాడు. ఏనుగుని పేరెట్టి పిలుసుకుంటా వచ్చినాడు. నాను లాగి, మూసి, కాల్చీసరికి..." కో తెయిన్ ఏనుగు కాళ్ళ కింద పడ్డ చోటు చూపిస్తున్నట్టు మంచం పక్క నేలకేసి చెయ్యి చాచారు. "ఒక్క తూటాకే పడిందంటారు గదా. రెండోది ఎల్లనేదురా, అందుకే ఒకటి."

తరువాత ఆఫీసరు కాగితంలో, ఊజీ తాగిన మైకంలో ఏనుగు ముందుకు పోయాడని రాశాడు. "నాను పక్కనే నిలబడినాను. తుపాకీ మూసుకోనేదు గాని నా నోరు మూసుకుంది. తూటా తప్పేటీ నేదు, సిమాచలం. పెట్టి సూడనోడి తప్పు."

కో తెయిన్ కూతురు డో ఖిన్ సంచౌంగ్ బజారులో కూరలమ్ముతుందనీ, రెండుసార్లు చెప్పబోయి తిరిగి వచ్చేశాననీ అన్నారు. తాను పోయాక ఆమెకూ, మనవాళ్ళందరికీ నేను చెప్పాలట. నాకెందుకీ బరువు అన్నాను. "ఆ కతని ఊరంతా అమ్మింది నువ్వే గదరా" అన్నారు.

నేను నా విద్య ప్రదర్శించాను. "అరవై ఏళ్ళు దాటిపోయింది మావా. పోనీ, ఊజీ తాగలేదని చెబుదాం. తూటా సంగతీ ఆదివారం సంగతీ ఎందుకు? సగం చెబుతాను."

"సగం ఏటిరా? తుపాకీ సగం మూసుకుంటాదేటి?"

నా జీవితంలో అంత త్వరగా ఓడిన బేరం మరొకటి లేదు. సరేనన్నాను.

సరేనని, సమాధి చేసిన రోజున చర్చిలో పాస్టరుగారు నన్ను నాలుగు మాటలు చెప్పమంటే లేచి నిలబడి ఆ పాత కథే చెప్పాను. పది అడుగులు, ఒక్క తూటా, అన్నీ. జనం కళ్ళు తుడుచుకున్నారు. అలవాటైన సరుకు నోటికి సులువు. వెనక బల్ల మీద పూలకట్ట ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఎవరని అడిగితే, తాతకు కూరలమ్మే డో ఖిన్ అని మనవరాలు చెప్పింది. ఆవిడ దగ్గరకు వెళ్ళలేక, చెప్పుల కోసం వెతుకుతున్నట్టు నటించి బయటపడ్డాను.

మూడు రోజులు కొట్లో కూర్చోలేకపోయాను. నాలుగోరోజు సంచౌంగ్ వెళ్ళాను. ఆమె గంపల పక్కన పీట వేసుకుని, ఆదివారంతో మొదలుపెట్టి, ఏమీ తగ్గించకుండా చెప్పాను. ఆమె బర్మీస్‌లో అన్న మాటలను తెలుగులో రాస్తున్నాను.

"మా అమ్మ పోయేదాకా ఆ మాట నమ్మలేదు. ఆయన తాగడని పోట్లాడేది. నేను నమ్మాను" అంది. కాసేపు తోటకూర కట్టలమీద నీళ్ళు చల్లింది. "ఏనుగును పేరు పెట్టి పిలిచాడా?"

"పిలుచుకుంటూ వచ్చాడట."

"దానియేలు గారు ఇరవై ఏళ్ళు నా దగ్గర కొన్నారు. వాడిపోయిన కట్టలే ఏరుకునేవారు. చూపు ఆనదేమో పాపమని మంచివి సంచిలో వేస్తే తీసి గంపలో పెట్టేసేవారు." ఆమె ముఖంలో కోపమో దుఃఖమో నేను పోల్చుకోలేకపోయాను. రెండూ ఉండడానికి ఆమెకు హక్కుంది. చివరికి అంది: "మీ చర్చిలో ఆ రోజు చెప్పినట్టే, ఇదీ అందరికీ చెప్పండి. నాన్న పేరు వదలకండి."

ఆ ఆజ్ఞ మేరకే ఈ వ్యాసం. దానియేలు గారి కీర్తికి దీనివల్ల భంగమని కొందరు పెద్దలు నన్ను ముందే మందలించారు. నేను తూకం తెలిసినవాణ్ణి. ఏనుగును పడగొట్టిన చేతులకు నేను నమస్కరించేవాణ్ణి. ఆ చేతులు వణికాయని స్వయంగా ఒప్పుకున్న మనిషికి ఇప్పుడు సాష్టాంగపడుతున్నాను. అరవై ఏళ్ళకు పైగా ఒకే తప్పును గుర్తుంచుకుని, అది మరొకరి చేతిలో జరగకూడదని ఊళ్ళోని ప్రతి తాళాన్నీ తిప్పి చూసిన అటువంటి మనిషి మన మధ్య మరొకరు లేరు, రారు. ఇక మీదట ఆ కథ చెప్పేవారు ఇలా చెప్పండి: ఏనుగు పడింది దానియేలు గారి ఒక్క తూటాకే. ఆ తుపాకీ మూసుకునేంత వ్యవధి, తాగి కాదు, తెలివితోనే, తన ప్రాణమిచ్చి సంపాదించినవాడు ఊజీ కో తెయిన్.