నలభై రోజుల నడుము

1938లో నేను శాలిబండ దగ్గరి ఒక దేవిడీలో మాస్టర్ దర్జీగా చేరాను. దేవిడీ అంటే జాగీర్దారుగారి నివాసం. వారి వారసులు ఇంకా ఊళ్లో ఉన్నారు కనుక పేరు రాయను. ఆ ఇంటి బట్టల శాఖను తోషాఖానా అనేవారు. దానికి దారోగా పెద్ద, ఆయన కింద మాస్టర్, మాస్టర్ కింద ఇద్దరు కారీగర్లు. మాస్టర్ కొలుస్తాడు, కోస్తాడు. కారీగర్లు కుడతారు. కత్తెర మాస్టర్ చేతిలో తప్ప ఇంకొకరి చేతిలో ఉండరాదు, అదే మా దర్జా. నేను చెప్పబోయేది 1943లో సర్కారువారి, అంటే మా జాగీర్దారుగారి, పుట్టినరోజు కవాతుకు ముందు నలభై రోజుల్లో జరిగిన సంగతి.

ముందు కొలతల పుస్తకం గురించి చెప్పాలి. దేవిడీలో వర్దీ, అంటే కొలువు దుస్తులు, వేసుకునే ప్రతి మనిషికీ అందులో ఒక పుట ఉంటుంది. మెడ, భుజం, ఛాతీ, నడుము, చెయ్యి, తేదీతో సహా. పాత కొలత కొట్టెయ్యం, దాని కిందనే కొత్తది రాస్తాం. కొలిచేటప్పుడు మగవాడన్న ప్రతివాడూ పొట్ట లోపలికి పీలుస్తాడు. అందుకు మా దగ్గర మందుంది. టేపు నడుముకు చుట్టి, చదవకుండా, అత్తగారింటి వాళ్లు ఎట్లా ఉన్నారని అడగాలి. సంగతులు చెప్పేసరికి ఊపిరి వదులుతాడు, పొట్ట తన చోటికి తాను వస్తుంది. అప్పుడు చదివి రాసుకోవాలి. అందుకే నా పుస్తకం అబద్ధం చెప్పదు.

అది యుద్ధకాలం. బట్ట దొరకదు. కాపలా బలగం వేసుకునేది ముదురు నీలం బనాతు కోటు, ఏడు గుండీలు, మీద తోలు బెల్టు. బనాతు అంటే మందమైన ఉన్ని గుడ్డ, అది బజారులో కనపడ్డమే మానేసింది. కాపలా మీద అధికారి కప్తాన్ సాబ్. వర్దీ సంగతుల్లో ఆయన మాట తోషాఖానాకు కూడా హుకుమే. కవాతుకు నలభై రోజుల ముందు ఆయన అందరినీ నిలబెట్టి హుకుం చదివించాడు. ఈ ఏడు కొత్త వర్దీలు లేవు. పాతవి విప్పి వదులు చెయ్యడం కుదరదు, విప్పితే పాత మడతల గీతలు కవాతులో కనపడి మర్యాద పోతుంది. కవాతు నాడు గుండీలు పట్టనివాడి పేరు పట్టీ నుంచి కొట్టేస్తారు. చివరికి తానే ఒక మాటన్నాడు. "వర్దీ నై బదల్తీ, ఆద్మీ బదలో." వర్దీ మారదు, మనిషే మారాలని. అఫ్సర్లకు మాత్రం ఈ హుకుం లేదు. ఉన్న ఒక్క బనాతు తానులోంచి కప్తాన్ సాబ్ కోటు కొయ్యమని ఆ మర్నాడే నాకు చీటీ వచ్చింది. అయిదేళ్లలో ఆయన నడుము అయిదంగుళాలు పెరిగింది మరి.

పెద్ద దర్వాజా జమేదారు యాదగిరికి అప్పుడు యాభై దాటాయి. ఇరవై ఏడేళ్ల నౌకరీ. ఇంకో మూడేళ్లు గడిస్తే వజీఫా, అంటే పింఛను. పేరు కొట్టేస్తే వజీఫా లేదు. ఆయన కోటు నడుము ముప్పై ఎనిమిది. హుకుం వచ్చిన సాయంత్రం నేను కొలిస్తే మనిషి నలభై ఒకటిన్నర. టేపు నా చేతిలో ఉండగానే ఆయన గోడకు చేరబడ్డాడు.

"మాస్టర్, మూడున్నర అంగుళాలు నలభై దినాలల్ల ఎట్ల పోతయే? పోకుంటే నా వజీఫా పోతది" అన్నాడు.

చౌక్ దగ్గర ఒక దవాసాజ్, అంటే మందులు నూరి అమ్మేవాడు, ఉండేవాడు. నలభై రోజుల్లో చిరుతపులి నడుము ఇప్పిస్తానని అరిచి మరీ అమ్మేవాడు. పొద్దున వేడినీళ్లలో సిర్కా, అంటే వెనిగర్, దాంట్లో చిటికెడు నల్లపొడి. మధ్యాహ్నం బార్లీ నీళ్లు. పొద్దుగూకాక గుప్పెడు వేయించిన శనగలు. అన్నం, రొట్టె ముట్టరాదు. ఆ నల్లపొడి సునాముఖి అని, ఒట్టి విరేచనాల మందని నాకు వాసనలోనే తెలిసింది. కాపలా వాళ్లలో యాదగిరితో పాటు మరో ఇద్దరు దఫేదార్లు అది మొదలుపెట్టారు.

ఆ పథ్యంలో మత్తు లేదని నేననను. పదకొండో రోజుకు యాదగిరి బెల్టు రెండు రంధ్రాలు లోపలికి పోయింది. ఆయన నడక మారింది, మీసం మళ్లీ దువ్వడం మొదలుపెట్టాడు. దర్వాజా దగ్గర ప్రతివాడూ "పహిల్వాన్ అయినవు గదనే" అనేవాడు. యాభై దాటిన మనిషికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ ఆశపడ్డాను. రోజంతా బాసింపట్టు వేసుకుని కూర్చునే వృత్తి మాది. పొట్ట ఒళ్లోకి వచ్చి కూర్చుంటుంది. నేనూ ఒక సీసా సిర్కా, ఒక పొట్లం పొడి తెచ్చుకున్నాను. మొదటి రోజు ఒళ్లు తేలికయింది. రెండో రోజు పద్దెనిమిదేళ్లవాణ్ణి అయిపోయాను. మూడో రోజు మా ఆవిడ మీద, గడప మీద, సూది మీద కోపం వచ్చింది. నాలుగో రోజు కప్తాన్ సాబ్ కోటు కొయ్యడానికి కూర్చున్నాను. సుద్దగీత సరిగానే ఉంది. చెయ్యి వణికింది. వీపు ముక్క మీద కత్తెర గీతకు రెండు వేళ్లు లోపలికి పోయింది.

ముప్పై ఏళ్ల పనిలో నేను గీత దాటింది ఆ ఒక్కసారే. ఆ కాలంలో బనాతు పాడుచెయ్యడమంటే మామూలు మాట కాదు. దారోగాగారికి నేనే వెళ్లి చెప్పాను, ఆయన రాసుకున్నారు. తానులో మిగిలిన గుడ్డతో వేరే వీపు కోశాను. చెడిన ముక్క కత్రన్ బుట్టలో వేశాను, అంటే పీలికల బుట్ట. సిర్కా సీసా మోరీలో పోసి, ఇంటికి పోయి పప్పన్నం తిన్నాను. సిగ్గు పడ్డాను, కడుపు నిండాక ఇంకా ఎక్కువ సిగ్గు పడ్డాను.

ఇరవై అయిదో రోజున యాదగిరిని పిలిచి, అన్ని కొలతలూ తీశాను. నడుము ముప్పై తొమ్మిదిన్నర. ఆయన మురిసిపోయాడు. నేను మాత్రం పై వరసలు చూస్తున్నాను. ఛాతీ రెండంగుళాలు పోయింది. జబ్బ అంగుళమున్నర పోయింది. కోటు తొడిగిస్తే పొట్ట దగ్గర గుండీ ఇంకా పట్టలేదు, భుజం కుట్టు మాత్రం జబ్బ మీదికి జారింది. పొట్ట కోసం కడుపు మాడ్చుకుంటే ముందు పోయింది బందూకు ఎత్తే కండ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. అదే పుటలో పాత ఏళ్ల కొలతలు చూశాను. మూడేళ్ల కింద ఏదో కవాతుకని ఆయన ఇట్లాగే మాడి నలభై నుంచి ముప్పై ఏడుకు దిగాడు. ఏడాది తిరిగేసరికి నలభై ఒకటిన్నరకు ఎక్కాడు. దిగింది మూడు, ఎక్కింది నాలుగున్నర.

చదివి వినిపించాను. ఆయన వినలేదు. "ఇంకో పదిహేను దినాలు, అంతే మాస్టర్. ఎట్లయితే అట్లాయె" అన్నాడు.

ఆ ఎట్లయితే అట్లా మూడో రోజే అయింది. దర్వాజా దగ్గర సర్కారువారి మోటారుకు సలాం చేస్తూ, బందూకు పైకెత్తబోయి, దానితో సహా కింద పడ్డాడు. గడ్డం కింద చీలింది. మోటారు అప్పటికే దాటిపోయింది కనుక బతికాడు. మర్నాడు ఆయన భార్య లక్ష్మమ్మ తోషాఖానా వాకిట్లోకి వచ్చి నిలబడింది. నెత్తిన కొంగు తియ్యకుండానే నన్ను కడిగేసింది.

"అన్నా, పొద్దుగాల్నుంచి లైన్ల నిలబడి రేషన్ జొన్నలు తెస్తున్న. దునియా అంత తిండి లేక ఏడుస్తుంటే మా ఇంట్ల తిండి పెట్టుకొని ఏడుస్తున్నం. గా కోటు కుట్టింది నువ్వే గద? మనిషిని కోసుడు కాదు, గుడ్డను కొయ్యి!"

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. ఆమె అన్నది నిజం, గుడ్డ కొయ్యడం నా పని. ఆ పనిని కప్తాన్ సాబ్ హుకుం ఆకలికి అప్పగిస్తే, నేను నోరు మూసుకుని టేపు పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. యాదగిరితో ఆ రోజే చెప్పించాను, కడుపునిండా రొట్టె తినమని, కోటు నాకు పంపమని. పథ్యం ఆపితే నడుము మళ్లీ నలభై ఒకటికి చేరుతుందని నాకు తెలుసు. దానికే కోస్తానని చెప్పాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, కారీగర్లు చూస్తుండగానే, యాదగిరి కోటు అస్తర్, అంటే లోపలి గుడ్డ, విప్పాను. మంచి దర్జీ కుట్టిన కోటులో, కుట్టు వెనక గుడ్డ మడిచి దాచి ఉంటుంది. ఆ కోటులో నేను దాచింది విప్పితే రెండంగుళాలు వచ్చింది. ఇంకో అంగుళం కావాలి. చంక కింద నుంచి నడుము దాకా సన్నని పట్టీ ముక్క వేస్తాం, దాన్ని కలీ అంటారు. దానికి గుడ్డ ఎక్కడిది? కత్రన్ బుట్టలో కప్తాన్ సాబ్ వీపు ముక్క ఉంది. అది యాదగిరి కోటు కోసిన తానుది కాదు కాబట్టి రంగు కొంచెం నిగనిగలాడింది. రెండు రోజులు ఎండలో వేసి, తడిగుడ్డతో ఇస్త్రీ తోమితే పాతదానిలో కలిసింది. విప్పిన మడతల గీతలూ ఆ ఆవిరికే పోయాయి. నా ఆకలి పాడుచేసిన గుడ్డ యాదగిరి ఆకలిని ఆపింది. ఇద్దరు దఫేదార్లకు కూడా చెప్పి పంపాను. వాళ్లు భయపడి కోట్లు పంపలేదు, పథ్యమూ ఆపలేదు.

కవాతు నాడు యాదగిరి ఏడు గుండీలూ పెట్టుకుని, గడ్డం మీద ఎండిన గాయంతో, మూడు గంటలు ఎండలో నిలబడ్డాడు. పక్కన దఫేదార్లిద్దరూ నిలబడ్డారు. వాళ్ల గుండీలూ పట్టాయి. కానీ భుజాలు జారి, మెడపట్టీలో మెడ కొయ్యలా ఆడుతోంది. సర్కారువారు వరస దాటుతూ వాళ్ల దగ్గర ఆగారు. కప్తాన్ సాబ్ వైపు తిరిగి, మన దగ్గర వీళ్లకు తిండి పెట్టడం లేదా అని అడిగారు. బయట రేషన్ లైన్లున్న రోజుల్లో, ఊరి పెద్దలంతా కుర్చీల్లో కూర్చుని ఉండగా వచ్చిన ప్రశ్న అది.

యాదగిరి ఒక్కడూ అంత నిండుగా ఎట్లా నిలబడ్డాడని, మర్నాడు కప్తాన్ సాబ్ అన్ని కోట్లూ తెప్పించి లోపలివైపు తిప్పి చూశాడు. యాదగిరి కోటులో కొత్త దారం దొరికింది. నన్ను పిలిచారు. దారోగాగారు ముందే నా చెవిలో, కారీగర్ మీద తొయ్యి, తప్పు జరిగిపోయిందను, నేను చూసుకుంటానన్నారు. ఆయన మంచివారు. నేను మాత్రం కొలతల పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లాను.

ఎవరు విప్పారని అడిగాడు. నేనే విప్పానన్నాను. ఎవరి హుకుంతో అని అడిగాడు. హుకుం లేదన్నాను. అప్పుడు పుస్తకం బల్ల మీద పెట్టి యాదగిరి పుట ఒకటి, కప్తాన్ సాబ్ పుట ఒకటి, రెండూ చూపించాను. "హుజూర్, మనిషే మారాలని హుకుం. ఎవరు ఎంత మారిన్రో, ఎవరి కోసం వర్దీ మారిందో ఈ పుస్తకంల రాసి ఉన్నది. తమరే చదువుకోండ్రి" అన్నాను. కళ్లు దించలేదు. ఆయన రెండు పుటలూ చదివాడు. పుస్తకం మూసి నా వైపు నెట్టాడు.

యాదగిరి పేరు కొట్టెయ్యలేదు. కొట్టేస్తే సర్కారువారి దాకా సంగతి పోతుంది, దాంతో పాటు పుస్తకమూ వారి ముందుకు పోతుంది. నా మాట వేరు. ఆ సాయంత్రమే నా దగ్గర కత్తెర తీసుకున్నారు. ఏడాదిన్నర పాటు కారీగర్లతో కూర్చుని కాజాలు కుట్టాను. నా కింద పనిచేసినవాడు నా గద్దె మీద కూర్చుని కోశాడు. అవమానం కాలేదని చెప్పను. తప్పు చేశానని మాత్రం ఆనాడూ అనలేదు, ఈనాడూ అనను.

మూడేళ్లకు యాదగిరి వజీఫా మీద పోయాడు. పోయేటప్పుడు వర్దీ తోషాఖానాకు అప్పగించి, పుటలో చివరి కొలత రాయించుకోవాలి. అప్పటికి కత్తెర మళ్లీ నా చేతికి వచ్చింది. టేపు చుట్టి, అత్తగారింటి సంగతి అడిగాను. "మా అత్త పోయి పదేండ్లాయె మాస్టర్, సీదా చదువు" అని నవ్వాడు. చదివాను. నలభై ఒకటిన్నర. ఆనాటి పస్తు ఆ పుటలో ఒక్క అంగుళం కూడా తగ్గించలేదు, మిగిల్చింది గడ్డం కింద మచ్చ ఒక్కటే.

తరవాత సొంతంగా దుకాణం పెట్టుకుని చాలా ఏళ్లు కోశాను. పెళ్లి నాటికి సన్నబడతాను, రెండంగుళాలు తక్కువ పెట్టమని వచ్చేవాళ్లు ఏటా వచ్చారు. ఒక్కరి మాటా వినలేదు. ఇవాళ నా ముందు నిలబడ్డ నడుముకే కోశాను, లోపల రెండంగుళాలు దాచాను. నచ్చనివాళ్లు వేరే దుకాణం చూసుకున్నారు. ఈ సంగతి నాకు నేర్పింది ఇది: గుడ్డను విప్పి వదులు చెయ్యవచ్చు, మనిషిని విప్పితే ముందు ఊడేది భుజం.