సీసాలో మిగిలిన పెద్దవి

శనివారం, పొద్దున పావు తక్కువ ఆరు. కరీంనగర్ డ్యాం ఒడ్డున నా మనుమరాలు మా తమ్ముడి తెప్ప దిగి, నడి నీళ్లలో నింపిన సీసా నా చేతిలో పెట్టింది. కాలేజీలో ఆమె చదువు నీళ్లలో తేలే పురుగుల మీద. ప్లవకాలట. ఒంటి సైజు చిన్నదయ్యేకొద్దీ సంఖ్య పెరుగుతుందని లెక్కతో చూపించాలి. పది శనివారాలు, పది సీసాలు. ఇది పదోది. సోమవారం అన్నీ సారుకు ఇవ్వాలి. సీసా మీద రోజు, వేళ, అక్కడ ఎవరెవరున్నారో రాయడం నా పని. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, నేర్పింది ఆమే.

పురుగులు చెడకుండా సీసాలో వేసే మందు తెస్తానని స్కూటీ దగ్గరికి కట్ట ఎక్కింది. సీసాలో నీళ్లు పలచని చాయ్‌లా మడ్డిగా ఉన్నాయి. వాటిలో నువ్వు గింజలో సగమంత పురుగులు గెంతుతున్నాయి. నలభై ఏళ్లు ఒడ్డున చేపలు ఏరిన చేతులు ఊరుకుంటాయా? వలలో పడ్డ చిన్నవాటిని తిరిగి నీళ్లలో వదలడం మా పద్ధతి. కొంగు సీసా మూతికి బిగించి వంచాను. మడ్డి పోయింది, పురుగులు గుడ్డ మీద నిలిచాయి. వాటిని మంచినీళ్లతో సీసాలోకి దింపాను. పారిన నీళ్లతో, అలవాటుగా, "పోయి పెరిగి రా" అన్నాను కూడా.

మనుమరాలు దిగి వచ్చింది.

"గా నీళ్లేవి అమ్మమ్మా?"

"మురికి తీసిన. మంచియి ఉంచిన."

"మురికి కాదే! కండ్లకు కనబడని చిన్నయి గంపెడున్నయి అండ్ల. నాకు గవ్వే గావాలె!"

"ముట్టకని ఒక్క మాటన్న జెప్పినవా?"

"సీసా పట్టుమన్న గని వడగట్టమన్ననా?"

తెప్ప మీది నుంచి తమ్ముడు నవ్వాడు. "అక్క చేతికి సముద్రమిచ్చినా చిన్నయన్ని పారబోస్తది."

మళ్లీ తీద్దామంటే పొద్దు పొడిచేసింది. వెలుతురు పెరిగితే అవి లోతుకు దిగుతాయట, మిగతా సీసాలతో లెక్క కుదరదట. పిల్ల రాయి మీద కూలబడింది.

"గిట్లనే ఇయ్యి బిడ్డా, ఎవలికెర్క?" అన్నాడు తమ్ముడు.

ఒళ్లు మండింది నాకు. పెద్దవే ఎక్కువని ఆ సీసా అబద్ధం చెబుతుంటే, దాని మీద నా చేతిరాత ఉండాలా?

"పెన్నియ్యి."

రోజు, వేళ రాశాను. కింద ఇలా రాశాను: 'చిన్నవి ఇందులో లేవు. తెలియక వడగట్టి పారబోశాను. లెక్కలోకి తీసుకోవద్దు.'

"తొమ్మిది సీసలతోని సారు ఊకుంటడా?" అంది ఆమె, మొహం తిప్పుకునే. నాకేం తెలుసు? ఎవరెవరున్నారో రాసే చివరి గీత మిగిలింది, అదీ నింపాను: తెప్ప మీద తమ్ముడు, మందు చేతపట్టుకుని మనుమరాలు, తడి కొంగుతో నేను.