కౌంటరు దగ్గర అన్న మాట

ఆ పశువుల ఆస్పత్రిలో ఇద్దరు డాక్టర్లున్నారని అందరూ నవ్వుకునేవారు. ఒకాయన కుక్కలకూ పిల్లులకూ సూదులు వేసే అసలు డాక్టరు. రెండో మనిషి కబురు పెట్టినప్పుడు వచ్చి కంప్యూటర్లు చూసిపోయేవాడు. అతన్ని ఫైళ్ల డాక్టరు అనేవారు.

ఆ పేరు అతనికి ఒక్క ఆస్పత్రిలోనే కాదు, కలప డిపోలోనూ, కళ్లద్దాల దుకాణంలోనూ, రెండు మూడు బడుల్లోనూ ఉంది. చిన్న సంస్థలన్నీ తమ వివరాలు మొత్తం ఒకే డేటాబేస్ ఫైల్లో పెట్టుకుని, దాన్ని ఒక కంప్యూటర్లో ఉంచి, మిగతా కంప్యూటర్లనుంచి వాడుకునేవి. అది నడిచినంతకాలం దాని ఊసు ఎవరికీ పట్టదు. ఒక పొద్దున తెర మీద “ఈ ఫైలును గుర్తించలేకపోతున్నాం” అన్న గడి ఒకటి ప్రత్యక్షమవుతుంది. సరే అని నొక్కితే ప్రోగ్రాం మొత్తం మూతపడుతుంది. అప్పుడు ఇతనికి ఫోన్ల మీద ఫోన్లు.

అతను వచ్చీ రాగానే కీబోర్డు ముట్టుకునేవాడు కాదు. కుర్చీ లాక్కుని కూర్చుని, “ఇది రాకముందు ఏం చేస్తున్నారు?” అని అడిగేవాడు. అందరూ ఒకటే జవాబు చెప్పేవారు: “ఏం చేయలేదండీ.”

“అదే, ఏం చేయకుండా ఏం చేశారో చెప్పండి” అనేవాడు.

వాళ్లు నవ్వేవారు, నవ్వుతూ చెప్పేవారు. అలా చెప్పించుకునే, కలప డిపోలో ఎప్పుడో తీసి పారేసిన ప్రింటరు కోసం ప్రోగ్రాం ఇంకా వెతుకుతోందని పట్టుకున్నాడు. కళ్లద్దాల దుకాణంలో ఎవరో పేరు మధ్యలో కొటేషన్ గుర్తు కొట్టడంతో వెతుకులాట తలకిందులవుతోందని కనిపెట్టాడు. మనిషికి ఓపిక ఎక్కువ. నోటికి మాత్రం తాళం ఉండేది కాదు. ఎక్కడికి వెళ్లినా నలుగురినీ నవ్వించి రావాలి.

అన్నయ్య పోయాక వదినను ఆ ఆస్పత్రిలో పనికి పెట్టించింది అతనే. అన్నయ్య చాలాకాలం మంచాన ఉండి పోయాడు. కాలేజీకి వెళ్లే కూతురుతో వదిన ఒక్కతే మిగిలింది. ఆస్పత్రి కౌంటరులో జంతువుల వివరాలు ఎక్కించే మనిషి కావాలని డాక్టరు అంటే, “మా వదిన ఉంది. వారంలో నేర్చేసుకుంటుంది” అన్నాడు. ఆవిడ అంతకన్నా ముందే నేర్చుకుంది.

వదినామరుదుల మధ్య వేళాకోళాలకు కొదవ ఉండేది కాదు. అన్నయ్య పెళ్లినాటికి అతనింకా బడి పిల్లవాడు. అతని చేతిరాతను చూసి “కోడి కెలికినట్టుందయ్యా” అని ఆటపట్టించింది ఆవిడే. అతను ఊరుకుంటాడా, ఆవిడ పాటను వెక్కిరించేవాడు. ఇంట్లో ఎంత కష్టమొచ్చినా ఆ ఇద్దరూ ఒకచోట చేరితే కాసేపటికి నవ్వు వినబడేది. అన్నయ్య మంచం మీద నుంచే “మొదలెట్టారూ?” అనేవాడు.

కౌంటరులో వదిన అందరికీ నచ్చింది. బుట్టలో పిల్లినో, సంచిలో కుందేలునో పట్టుకుని కంగారుగా వచ్చేవాళ్లు. వాటి వయసూ బరువూ ఎక్కిస్తూ ఎక్కిస్తూ, ఆవిడ చటుక్కున కీబోర్డు వదిలి అటు తిరిగేది. “రాత్రంతా నిద్రలేదా? ఏం తినడం లేదా? భయపడకమ్మా, డాక్టరుగారు చూస్తారు” అని మాట్లాడి, ఒకోసారి లేచి వెళ్లి దాని వీపు నిమిరి, మళ్లీ వచ్చి మిగతా వివరాలు కొట్టేది.

ఆవిడ చేరిన కొన్నాళ్లకు ప్రోగ్రాం పడిపోవడం మొదలైంది. రోజూ కాదు. వారానికి ఒకసారో రెండుసార్లో. పడిపోయినప్పుడల్లా ఫైలు పాడయ్యేది, డాక్టరు గదిలో కంప్యూటరు కూడా నిలిచిపోయేది, వచ్చినవాళ్లు వరండాలో బారులు తీరేవారు. అతను వచ్చి ఫైలును బాగుచేసేవాడు. ఖాళీ ఫైలు తయారుచేసి వివరాలన్నీ అందులోకి మార్చాడు. ప్రోగ్రాం తీసేసి మళ్లీ వేశాడు. కీబోర్డు కూడా మార్చాడు. నాలుగు రోజులు బాగుండేది, మళ్లీ మామూలే.

ఆవిడ సెలవు పెట్టిన రోజుల్లో కాంపౌండరు కూర్చునేవాడు. రెండు వేళ్లతో, తల ఎత్తకుండా, టకటకా కొట్టేసేవాడు. అతను కూర్చుంటే ఒక్కసారి కూడా పడిపోలేదు.

ఒక రోజు వరండా నిండా జనం. కుక్కలు ఒకదాన్ని చూసి ఒకటి మొరుగుతున్నాయి. ప్రోగ్రాం పడిపోయింది. ఫైళ్ల డాక్టరు ఇంకోచోట పని సగంలో వదిలేసి చిరాగ్గా వచ్చాడు. వదిన లేచి నిలబడి, “నేను మాట్లాడి వచ్చేసరికి…” అని ఏదో చెప్పబోయింది.

“మాటలు తర్వాత వదినా, ముందు పక్కకు జరుగు” అన్నాడు.

డాక్టరు గదిలోంచి బయటకొచ్చి అందరి ముందూ నిలదీశాడు. “ఇన్నిసార్లు వచ్చావు. ఆవిడ కూర్చుంటేనే ఎందుకవుతుందో ఇప్పటికైనా చెప్తావా?”

అతనికి తెలియదు. తెలియదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతమంది చూస్తుండగా ఆ మాట అనలేక, నవ్వేశాడు.

“ఏం చెప్పమంటారు సార్, మా వదిన హస్తవాసి అలాంటిది. ఆవిడ చెయ్యి పడితే గోడ గడియారం కూడా ఆగిపోతుంది!”

వరండా అంతా గొల్లున నవ్వింది. డాక్టరు నవ్వాడు, కాంపౌండరు నవ్వాడు. వదిన కూడా నవ్వింది. అతను ఫైలు బాగుచేసి, గండం గట్టెక్కిందనుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ మర్నాటినుంచి డాక్టరు కౌంటరులో కాంపౌండరును కూర్చోబెట్టాడు. వదినను వెనకగదిలో మందుల సీసాలు సర్దమన్నాడు. ప్రోగ్రాం పడిపోవడం మానేసింది. “చూశారా, ఫైళ్ల డాక్టరు సరిగ్గానే చెప్పాడు” అనుకున్నారు. అతను కూడా తనకు కారణం తెలియకపోయినా సమస్య తీరింది కదా అని ఊరుకున్నాడు. వదిన ఆ పని మానేసి ఒక బడి లైబ్రరీలో చేరిందని కొన్నాళ్లకు భార్య చెబితే, “అక్కడ ప్రశాంతంగా ఉంటుందిలే” అన్నాడు.

చాలా నెలలు గడిచాక ఆస్పత్రినుంచి మళ్లీ ఫోను వచ్చింది. పాత జబ్బే. వెళ్లి కుర్చీ లాక్కున్నాడు.

“ఇది రాకముందు ఏం చేస్తున్నావు?”

“ఏం చేయలేదన్నా” అన్నాడు కాంపౌండరు. “మా చిన్నప్పటి టీచరుగారు పిల్లిని తీసుకొచ్చారు. సగం కొట్టి, లేచి ఆవిడతో కాసేపు మాట్లాడాను. వచ్చి మిగతాది కొట్టబోతే పోయింది.”

“సగం కొట్టి లేచావా?” అని అతను మళ్లీ అడిగాడు. ఫైలు బాగుచేసి, దాని పక్కనే ఒక నకలు తీసి పెట్టుకుని, ఆ నకలు మీద తనే ఒక ఉత్తుత్తి కుక్క వివరాలు సగం కొట్టాడు. చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కాసేపాగి ఒక్క మీట నొక్కాడు. ప్రోగ్రాం పడిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ పడిపోయింది.

ఫైలు ఉండేది డాక్టరు గదిలోని కంప్యూటర్లో. కౌంటరు దాకా తీగ రాలేదని, దీన్ని వైర్‌లెస్‌తో కలిపింది తనే. కాసేపు ఎవరూ మీటలు తాకకపోతే కరెంటు ఆదా చేయడానికి ఆ వైర్‌లెస్ తనంతట తాను నిద్రపోతోంది. మాట మధ్యలో ఫోను కట్టయినట్టు, సగం రాసిన వివరం అక్కడే తెగిపోయి ఫైలు మొత్తం చెడుతోంది. సెట్టింగుల్లో ఒక టిక్కు తీసేస్తే సరిపోయింది. తీసేశాడు. ఎంతసేపు ఆగి నొక్కినా ఇక ఏమీ కాలేదు.

తల ఎత్తకుండా కొట్టేవాడికి రాని జబ్బు, మధ్యలో లేచి మనుషుల్ని పలకరించే ఆవిడకే వచ్చింది. ఎక్కడికి వెళ్లినా ముందుగా అడిగే ఆ ఒక్క ప్రశ్నా సొంత వదినను అడగలేదు. అడగకపోయినా ఆవిడ చెప్పబోయింది. ఆవిడ గురించి తనకు తెలియనిదేముంటుందనుకున్నాడు.

డాక్టరు దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాడు. “తప్పు మా వదినది కాదు సార్. నేను పెట్టిన కనెక్షన్‌ది.”

“సరేలే, ఇప్పుడు బాగైందిగా” అని డాక్టరు చేతులు కడుక్కోవడంలో పడ్డాడు.

“ఆవిణ్ని మళ్లీ పిలుస్తారా?”

“వస్తానంటే రమ్మను. నేనేం పొమ్మనలేదే. ఆవిడే మానేసింది.”

బయటకు వస్తుంటే కాంపౌండరు గేటుదాకా వెంట వచ్చాడు. “అన్నా, నీకు తెలుసో లేదో. వెనకగదిలో ఎవరి చేతిలో సీసా పగిలినా హస్తవాసి, హస్తవాసి అని నవ్వేవాళ్లం. నేనూ అన్నాను. ఒకరోజు ఒకాయన కుక్కకు కట్టు కట్టాలి, పట్టుకోమ్మా అని డాక్టరుగారు ఆవిణ్ని పిలిచారు. ఆవిడ చెయ్యి చాపగానే ఆ మనిషి కుక్కను వెనక్కి లాక్కున్నాడు. ‘ఈవిడ వద్దండీ, ఇంకెవరినైనా పిలవండి’ అన్నాడు. మర్నాటినుంచి మీ వదిన రాలేదు.”

ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ అంతా విన్నది.

“అక్క ఆ రోజు నవ్విందా?” అంది.

“నవ్వింది. అందుకే నేను…”

“నవ్వక ఏం చేస్తుంది? మొగుడు పోయిన మనిషిని పట్టుకుని, నలుగురిలో, నీ చెయ్యి మంచిది కాదన్నావు. అన్నది ఎవరో అయితే తిట్టి ఉండేది. నువ్వు కదా.”

ఆ మాటలో అంత అర్థం ఉందని అప్పటిదాకా అతనికి తట్టనే లేదు.

ఆదివారం వదిన ఇంటికి వెళ్లాడు. ఆవిడ గుమ్మంలోనే “రావయ్యా, చిక్కిపోయావేంటి” అంది. కూతురు ఇంట్లో లేదు. టీ ఇచ్చింది. అతను కప్పు పక్కన పెట్టి, వైర్‌లెస్ సంగతి, టిక్కు సంగతి మొదటినుంచీ చివరిదాకా చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విన్నది.

“అయితే నేను మాట్లాడటం వల్లేనన్నమాట” అంది.

“నీ వల్ల కాదు వదినా! నా వల్ల. నువ్వు చెప్పబోతే నేను వినలేదు. పైగా ఆ కూత కూశాను. తప్పయిపోయింది.”

“నువ్వేం కావాలని అన్నావా.” ఆవిడ కొంగుతో బల్ల మీద లేని దుమ్ము తుడిచింది. “నవ్వుకే అన్నావని నాకు తెలుసు. కానీ అన్నావు చూడు, ఆ రాత్రి మీ అన్నయ్య గుర్తొచ్చారు. చివరిదాకా ఆయన మందులన్నీ నా చేత్తో వేసినవేగా. ఇంకెవరి చేతనైనా వేయించి ఉంటే బతికేవారేమో అనిపించింది. పిచ్చి ఆలోచనే. తెలుసు. తెలిసినా పోలేదు.”

అతను “డాక్టరు మళ్లీ రమ్మంటున్నాడు. నేను పక్కనే ఉండి…” అన్నాడు.

“వద్దులే. బడి బాగానే ఉంది. పుస్తకాలకు అట్టలు వేస్తాను, చీటీలు అతికిస్తాను. అక్కడా కంప్యూటరు ఉంది. నేర్చుకోమని హెడ్మాస్టరుగారు అడిగారు. నాకది పడదండీ అని చెప్పేశాను.”

“నీకు పడకపోవడమేంటి? అంత తొందరగా నేర్చుకున్నావు!”

“అప్పుడు నేర్చుకున్నాను” అంది ఆవిడ. వెంటనే, “ఆస్పత్రికి ఒక మూడు కాళ్ల కుక్క వచ్చేది, ఇంకా వస్తోందా? దాని యజమాని పాపం ఒక్కడే ఉండేవాడు” అని అడిగింది.

వస్తోందో లేదో అతనికి తెలియదు. ఆస్పత్రికి అన్నిసార్లు వెళ్లాడు గానీ, ఏ కుక్కనూ ఎప్పుడూ పట్టించుకోలేదు. వస్తోందని చెప్పాడు. ఆవిడ ముఖం కొంచెం తేటపడింది.

ఆ తర్వాత అతను ఆస్పత్రిలో కనబడ్డవాళ్లందరికీ అసలు సంగతి చెప్పి చూశాడు. కొందరు అవునా అన్నారు. కొందరైతే దాన్ని కూడా కొత్త వేళాకోళం అనుకుని నవ్వారు. ఆ మాట అన్నప్పుడు వరండాలో ఉన్న జనం మళ్లీ ఒకచోట ఎప్పుడు చేరతారు? ఎవరెవరో కూడా అతనికి గుర్తులేదు.

వదిన కూతురు చదువుకోసం కంప్యూటరు కొనుక్కుంటే అతనే వెళ్లి అమర్చి ఇచ్చాడు. వదిన బల్ల చుట్టూ శుభ్రంగా తుడిచింది. దాన్ని మాత్రం తాకలేదు. పెట్టె మీది నంబరు చదివి చెప్పమంటే దూరంనుంచే, కళ్లద్దాలు పైకి లాక్కుని, ఒక్కొక్క అంకే చదివింది. “థాంక్స్ వదినా” అన్నాడు. ఎన్నడూ అనని మాట. ఆవిడ “పరవాలేదయ్యా” అంది.

ఆవిడకు అతని మీద కోపం లేదు. వెళ్తే టీ ఇస్తుంది, పిల్లల గురించి అడుగుతుంది, ఎండలో తిరగొద్దని చెబుతుంది. అతను కూడా ఆచితూచి మాట్లాడతాడు. ఆ ఇంట్లో మరిదిలా కాక, ఎవరో చుట్టంలా కుర్చీ అంచున కూర్చుని రావడం అతనికి అలవాటైపోయింది.