ఖరగ్‌పూర్‌లో దొరికిన నాన్న ఉత్తరం

మా నాన్న కార్మిక నాయకుడిగా, తర్వాత ఎమ్మెల్యేగా ఎన్నో ఉత్తరాలు రాశారు. ఆయన పోయాక వాటిని పుస్తకంగా వేద్దామని పూనుకున్నాను. మంత్రులకూ సంఘాలకూ రాసినవాటి నకళ్లు ఇంట్లోనే దొరికాయి. సొంత మనుషులకు రాసినవి మాత్రం వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసిన సింహాచలం బాబాయి నాన్నకు చిన్ననాటి స్నేహితుడు. రైల్వే సమ్మెలో అందరినీ కాదని పనిలోకి వెళ్లిపోయాడని మా ఇంట్లో ఆయన పేరే ఎత్తేవారు కాదు. బాబాయి పోయిన చాలా ఏళ్లకు, పుస్తకం సంగతి విని, ఆయన భార్య అప్పలనరసమ్మ పిన్ని "ఒక ఉత్తరం ఉంది, రా" అని కబురు పెట్టింది.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో సాయంత్రం హౌరా వైపు రైలెక్కి, మర్నాడు ఉదయం ఆరింటికి ఖరగ్‌పూర్‌లో దిగాను. స్లీపర్ టికెట్టు నాలుగు వందల చిల్లర. స్టేషన్ బయట వేడివేడి కచోరీ, బంగాళాదుంప కూర తిని పిన్ని వాళ్లుండే ఖరిదా పేటకి టోటో, అంటే బ్యాటరీ రిక్షా, మాట్లాడుకున్నాను. నేను ఫోన్లో తెలుగు మాట్లాడడం విని డ్రైవరు "దీదీ, ఆంధ్రా?" అన్నాడు. అవునంటే, "ఠీక్ హై, మీవాళ్ల వీధి నాకు తెలుసు" అని హిందీలో చెప్పి, ముప్పై రూపాయలకే సరిగ్గా గుమ్మం ముందు దింపాడు.

పిన్నికి ఎనభై దాటాయి. "ఏటమ్మా, ఇలా సిక్కిపోనావు? ముందు తిను" అని ఉప్మా పెట్టింది. తర్వాత బీరువాలోంచి కవరు తెచ్చింది.

సమ్మె రోజుల్లో నాన్న ఇక్కడి కార్మికులకు రాసిన బహిరంగ లేఖ మా పుస్తకంలో మొదటిది. ఒక్కరు కూడా పనిలోకి వెళ్లొద్దన్న ఆ మాట మాకు కంఠతా వచ్చు. పిన్ని ఇచ్చిన ఉత్తరం మీద కూడా అదే తేదీ. "ఒరే సింహాచలం, అప్పలనరసమ్మకి ఆపరేషన్ అంటున్నావు. నువ్వు పనిలోకి వెళ్లు. సమ్మెలో దిగి రైల్వే ఆస్పత్రి వైద్యం పోగొట్టుకోకు. మనవాళ్లకి నేను చెప్పుకుంటాను."

"చెప్పారా పిన్నీ?" అన్నాను.

"ఎవులికీ సెప్పనేదమ్మా. పెళ్లిళ్లకి కూడా పిలిసీవోరు కాదు మమ్మల్ని."

"మరి ఈ ఉత్తరం చూపించలేదేం?"

"సూపించమనే నాను అన్నాను. 'ఇది బయటికొస్తే సంగం ఇరిగిపోద్ది. ఆడి మాట ఇంకెవులు ఇంతారు?' అన్నాడు మీ బాబాయి."

నాకు తలెత్తి చూడడం చేతకాలేదు. నాన్న తరఫున క్షమించమన్నాను.

"ఆ కాయితం రాకపోతే నాను బతికీదాన్ని కాదమ్మా. కోపం ఉండీది. ఇప్పుడు లేదు."

పుస్తకంలో వేయనా అని అడిగాను. వద్దంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. నిజం దాచను.

"ఎయ్యి. రెండూ పక్కపక్కనే ఎయ్యి."

అంతటితో ఊరుకోలేదు. ఆ సమ్మెలో ఉన్న పక్కింటి రిటైర్డ్ ఫిట్టరుని గుమ్మంలోకి పిలిచి, నా చేత ఆ ఉత్తరం గట్టిగా చదివించింది. ఆయన మళ్లీ చదవమన్నాడు. విని, చెప్పులు విడిచి లోపలికొచ్చి, సింహాచలం బాబాయి ఫొటో ముందు చాలాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మధ్యాహ్నం రైలుకి పిన్ని చేపల పులుసు, అన్నం కట్టి ఇచ్చింది. నాన్నను గొప్పవాడని చెప్పుకుంటూ పెరిగినదాన్ని. ఆయన దయనూ, పిరికితనాన్నీ ఒకే కాగితం మీద చూశాను. ఆ కాగితాన్ని చింపకుండా, చూపించకుండా ఇన్నాళ్లు దాచిన బాబాయికీ పిన్నికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

మీరూ ఇలా పాత ఉత్తరాల కోసం వెళితే ఒక్క మాట: అసలు కాగితం అడగకండి. పగటి వెలుతురులో, వాళ్ల ఇంట్లోనే ఫొటో తీసుకుని, వాళ్ల చేతికే తిరిగి ఇచ్చేయండి.